నాన్న అనని మాట

ప్రాప్తోమో మాష్టారు పొద్దున ఆరింటికి పోయారు. కూతురు వుర్యానీ ఒక్కతే దగ్గరుంది. పదింటికల్లా ఎండ చుర్రుమంటోంది. శవం ఇంకా చాపమీదే ఉంది, గడప తొక్కిన నాథుడు లేడు.

మా జావా ఊళ్ళలో చావంటే వీధంతటి పని. గొయ్యి తవ్వేదీ మోసేదీ వీధివాళ్ళే. పాడె మసీదులో ఉంటుంది. మాష్టారేమో దేవుడు లేడన్న మనిషి. గుర్తింపు కార్డులో మతం గడిలో గీత గీయించుకున్నారు. ఆ గీత చూసే ఒకప్పుడు కమ్యూనిస్టని ఉద్యోగం పీకేశారు. ఊళ్ళో శ్మశానాలు రెండు, ఒకటి ముస్లింలది, ఒకటి క్రైస్తవులది. గీతవాళ్ళకి జానెడు జాగా లేదు.

"నా శవం మీద ఎవరూ ప్రార్థన చదవకూడదే" అని కూతురి దగ్గర మాట తీసుకున్నారాయన. సరేనంది.

వీధి పెద్ద తుగిమన్ వచ్చి వసారాలో కూర్చున్నాడు. మంచివాడే, అదే వచ్చిన చిక్కు.

"పోయేముందు మాష్టారు ఏమన్నా అన్నారా, అమ్మాయ్?"

"మంచినీళ్ళడిగాడు."

"అది కాదమ్మా. అల్లాని తలిచారా, అల్లా ఒక్కడే దేవుడని కలిమా చదివారా అని. పెదవులు కదిలినా చాలు. గదిలో ఉన్నది నువ్వొక్కదానివేగా. చదివారని నువ్వంటే కాదనేదెవడు? పావుగంటలో పాడె తెప్పిస్తా."

"చదవలేదంటే?"

"పెరట్లో పూడ్చుకోమంటారు. నువ్వొక్కదానివీ తవ్వుతావా? మధ్యాహ్నానికి వాసనొస్తుంది తల్లీ."

వుర్యానీకి ఏడుపు రాలేదు. నాన్న పాదం మీద ఈగ వాలితే తోలింది. మళ్ళీ వాలింది.

"చదివాడు" అంది.

అంతే, నలభైమంది దిగారు. నిన్నటిదాకా ఆయన ఎదురైతే మొహం తిప్పుకున్న మహానుభావులే అందరూ. స్నానం చేయించారు, తెల్లబట్ట చుట్టారు, ప్రార్థన చదివారు, మోసుకెళ్ళారు. "ఎంత పుణ్యం చేసుకున్నావే, ఆఖరి నిమిషంలో మీ నాన్నని దారికి తెచ్చావు" అని పక్కింటావిడ వుర్యానీ గడ్డం పట్టుకుని, వేడివేడి టీ చేతికిచ్చింది.

శ్మశానానికెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి టీలు తాగుతుండగా సుబ్యాక్తో వచ్చాడు. నాన్నకి మిగిలిన ఒకే ఒక్క స్నేహితుడు, ఆయనలాగే దేవుణ్ణి వద్దనుకున్నవాడు. బస్సు దొరక్క ఆలస్యమైంది. వచ్చీరాగానే ఆమె ఎదుట చతికిలబడ్డాడు.

"ఏమే పిల్లా, వీళ్ళు చెప్పేది నిజమేనా? వాడు కలిమా చదివాడా?"

టీ గ్లాసులు పట్టుకునే అందరూ ఇటు తిరిగారు. తుగిమన్ తలెత్తలేదు. కాదంటే చాలు, పూడ్చినవాణ్ణి మళ్ళీ తవ్వి తీస్తారు.

"చదివాడు బాబాయ్."

ముసలాయన తుగిమన్ వైపు తిరిగాడు.

"వాడే చదివాక నేనొక్కణ్ణీ ఎవరికోసం మొండికెయ్యాలి? నాకూ నేర్పండి, నేనూ చదువుతాను."

అందరూ అల్లాకి కృతజ్ఞతలు చెప్పుకున్నారు. ఇద్దరు లేచి ముసలాయన్ని కౌగిలించుకున్నారు. వుర్యానీ లోపలికెళ్ళి ఆయనకి టీ తెచ్చి ఇచ్చింది.