కిటికీకి అట్ట

చలి మొదలవగానే మా అన్నయ్యలో ఇంజనీరు నిద్ర లేస్తాడు. మిగతా కాలమంతా గుమాస్తానే. చలిగాలి చొరబడకుండా కిటికీలకు దళసరి అట్టలు కోసి, అంచులకు టేపు అంటించి, వెనక్కి జరిగి తన పనితనం చూసుకుని మురిసిపోతాడు. వదిన కోట్లు కుట్టే గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. దానికైతే రెండు పొరలు. భార్య మీద ప్రేమంటే అదీ మరి.

ఆ తర్వాత కొన్నాళ్ళకే వదిన మూగనోము పట్టేది. పొద్దెక్కినా లేవలేకపోయేది. కోటు ఒళ్ళో పెట్టుకుని ట్యూబులైటు కింద ఊరికే కూర్చునేది, పలకరిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. కారణాలకు మా ఇంట్లో కరువా? బద్ధకం అంది అమ్మ. రక్తం తక్కువని అన్నయ్య టానిక్ తెచ్చాడు. ఫోన్ ఎక్కువైందని బాబాయి తేల్చేశాడు, తన ఫోన్లోంచి తలెత్తకుండానే. ఒళ్ళు కదిలిస్తే అదే పోతుందని నేనూ ఓ రాయి వేశాను. ఎండాకాలం అట్టలు తియ్యగానే వదిన మామూలు మనిషయ్యేది. ఆ ఘనత టానిక్‌కు దక్కేది.

ఈ ఏడు కుట్టుమిషనే అమ్మేస్తానంది.

"నా వల్ల కావట్లేదు. కోట్లు ఇంకెక్కడైనా కుట్టించుకోమని అందరికీ చెప్పేశాను."

పెళ్ళికి ముందు నుంచీ తనతో ఉన్న మిషను అది. నాకు ఏడుపొచ్చింది. అన్నయ్య మాత్రం కొనేవాణ్ణి వెతికి తెచ్చాడు.

వచ్చిన దర్జీ గది గుమ్మంలోనే ఆగాడు. "ఇంత చీకట్లో ఏం చూడమంటారండీ? కాస్త వెలుతురుండాలి."

"అయ్యో, దానిదేముందండీ!" అంటూ అన్నయ్య రెండు పొరలూ చర్రున పీకేశాడు. ఎండ మిషను మీదా, పక్కనే కూర్చున్న వదిన మీదా పడింది.

"ఓసారి తొక్కి చూపించమ్మా," అన్నాడు దర్జీ.

వదిన సూదిలో దారం ఎక్కించి, గుడ్డముక్క పెట్టి తొక్కింది. కుట్టు తిన్నగా వచ్చింది. ముక్క అయిపోయినా ఆగలేదు. సగంలో వదిలేసిన కోటు లాక్కుని దానికి చెయ్యి అతకసాగింది. ఒక్క పూట ఎండకు దిగులు పోదని నాకూ తెలుసు. అయినా చాలా రోజులకు వదిన మొహం చూసినట్టనిపించింది.

"మిషను బాగుందమ్మా," అన్నాడు దర్జీ.

"అమ్మను," అంది వదిన.

అన్నయ్య పొంగిపోయాడు. "చూశారా, టానిక్ పని చేసింది!" అంటూ, చలి వస్తోందని మళ్ళీ అట్ట ఎత్తాడు.

వదిన తొక్కడం ఆపింది.

"మిషను కనబడాలని ఆయన అడగ్గానే తీశారు. ఇన్నేళ్ళూ నేనూ ఇదే గదిలో ఉన్నాను కదండీ. నేను కనబడక్కర్లేదా?"

నేను వెళ్ళి అన్నయ్య చేతిలోని అట్ట అందుకుని, రెండుగా విరిచేశాను.