దివాణం గుండిగ

నేను ఒక రాగి గుండిగను. నలుగురు పట్టనిదే కదలను. గోదావరి గట్టున చినరేవులంకలో, శివాలయానికీ గోపాలస్వామి గుడికీ మధ్యనున్న దొరల దివాణం నా ఇల్లు. కంచరి వీరాచారి సమ్మెట దెబ్బలు నా ఒంటి మీద ఇంకా కనిపిస్తాయి. ఏటా కళాయి పూయించుకుని రెండు గుళ్ళ ఉత్సవాలకూ పులిహోర కలిపాను. హరిహరులకు భేదం లేదంటూనే, ముందు ఎవరికి వండాలని పూజారులు ఏటా తగువుపడేవారు.

ఊళ్ళో ఎవరింట శుభకార్యమైనా నాకు బొట్టు పెట్టి పట్టుకెళ్ళేవారు. అద్దె లేదు. తిరిగి తెచ్చేటప్పుడు మాత్రం ఖాళీగా తేకూడదు, అది ఊరి ఆచారం. గుప్పెడు బియ్యమో, కొబ్బరికాయో వేసి తెచ్చేవారు. దివాణంలో వాటిని పట్టించుకున్నదెవరు?

తరవాత దివాణం లంకభూములు గోదావరి కోసుకుపోయింది. దొరలు పోయారు. ఆ ఇంటి కోడలు జానకాయమ్మగారు ఒక్కరే మిగిలారు. ఘోషా ఇల్లాలు, కాపురానికి వచ్చాక సింహద్వారం దాటి ఎరగరు. పొయ్యి వెలగని రోజులొచ్చాయి. ఎవరైనా బియ్యం తెస్తే "మాకేం తక్కువ?" అని తిప్పి పంపేవారు. నాకు ఒళ్ళు మండేది. అభిమానం కడుపు నింపుతుందా?

సరిగ్గా అప్పుడే ఊళ్ళో శుభకార్యాలు పెరిగిపోయాయి! టౌనులో స్టీలు గిన్నెలు అద్దెకు దొరుకుతున్నా, పడవ నడిపే పళ్ళాలమ్మ మాటిమాటికీ నా కోసం వచ్చేది. ఓసారి బారసాల అంది, ఓసారి ఓణీల ఫంక్షన్ అంది. నలుగురి చేత మోయించుకెళ్ళి తన ఇంటి చూరు కింద ఉంచేది. తిరిగి వచ్చేటప్పుడు నాలో బియ్యం, కందిపప్పు, అరటిగెల. ఆచారాన్ని అమ్మగారు కాదనలేకపోయేవారు.

ఒకనాడు తిరిగొచ్చిన నన్ను ఆవిడ తడిమి చూశారు. బొట్టు పెట్టింది పెట్టినట్టే ఉంది. పొయ్యెక్కి, తోమించుకున్న గుండిగకు బొట్టు నిలుస్తుందా?

మళ్ళీ పళ్ళాలమ్మ వచ్చింది.

"ఈసారి ఎవరి శుభకార్యమే?"

పాపం, దాని దగ్గర అబద్ధాలు అయిపోయాయి. "మా గేదె ఈనిందండమ్మగారూ."

"గేదె ఈనితే గుండిగెందుకే?"

"జున్నండి. ఊరందరికీ ఎడదామనండి."

అమ్మగారు నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకున్నారు. గుట్టు తెలిసిపోయింది, రేపటినుంచి మళ్ళీ పస్తులేనని నాకు దిగులు పట్టుకుంది.

"ఊరందరికీ అంటే నాక్కూడానా?"

"అయ్యో, అంపుతానండి."

"పంపడమెందుకు? నేనే వస్తాను."

నన్ను మోసుకుంటూ నలుగురు ముందు నడిచారు. వెనక పళ్ళాలమ్మ చెయ్యి పట్టుకుని, సింహద్వారం దాటి, అమ్మగారు. పడవవాళ్ళ పేట చేరాక చూస్తే ఆ ఇంట జున్నూ లేదు, గేదే లేదు, కట్టుకొయ్య కూడా లేదు. పళ్ళాలమ్మ తల వంచుకుని నిలబడింది.

అమ్మగారు గేదె ఊసు ఎత్తలేదు. చాప మీద కూర్చున్నారు.

"ఆకలేస్తోందే, పళ్ళాలూ. అన్నం పెట్టు."