సుబ్బులు తాత ఏమన్నాడు

ఆటలో ముగ్గురూ మూడోసారి చచ్చిపోయిన ఆదివారం, తిరుమల్ పాచికను స్టీలు పళ్లెంలోకి విసిరేసి కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఇగ బంద్ చేద్దామక్కా. మాతోని గాదు. వారమంత ఆఫీసుల తిట్లు తినుడు, ఆదివారం గీడికొచ్చి రాక్షసుల చేతుల సచ్చుడు. ఏందిది?"

లోవలక్ష్మి గుండె జారిపోయింది.

ఆటేమిటో చెప్పకుండా ఆమె గుండె సంగతి చెబితే ఎలా! బల్ల చుట్టూ కూర్చుని కథ కల్పించుకునే ఆట అది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులవుతారు. "తలుపు తంతాను" అని ఎవరైనా అంటే ఇరవై ముఖాల పాచిక పళ్లెంలో వేయాలి. పెద్ద అంకె పడితే తలుపు విరుగుతుంది, చిన్నది పడితే కాలు విరుగుతుంది. ఈ పిచ్చి ఆటను కాలేజీ నుంచి మోసుకొచ్చినవాడు మధుసూదన్. కథలో వాడు కత్తివీరుడు, లాస్య వైద్యురాలు, తిరుమల్ దొంగ. ముగ్గురూ హైటెక్ సిటీలో లోవలక్ష్మి టెస్టింగ్ టీములో ఆర్నెల్ల కిందట చేరిన పిల్లలు. కథ నడపడం వాళ్లెవరికీ చేతకాక ఆమె నెత్తిన పెట్టారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మల్కాజ్‌గిరిలో ఆమె ఫ్లాట్‌కి వచ్చి పడేవారు.

ఆమె అల్లిన కథంతా ఒక మెట్లబావిలో జరుగుతుంది. బావి అడుగున తాళంచెవి ఉంది, అది తేవాలి. బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన పాత బావి గుర్తొచ్చి అల్లింది. "గా కచరా బావి గురించా అక్కా? మా గల్లీ పక్కనే!" అని తిరుమల్ ఎగతాళి చేశాడు కూడా. ఆ బావిని ఆమెకు చూపించింది అన్న వరహాలు. ఓ రోజు బండి ఆపి, "ఒలే గుంటా, దీనడుగున ఏటుంటాదో ఎవులికీ తెల్దు" అన్నాడు. నర్సీపట్నం నుంచి ముందు తానొచ్చి, రైల్వేలో కరెంటు పనిచేస్తూ చెల్లెలి చేత ఎంసీఏ చదివించిన మనిషి.

వరహాలు ఎనిమిది నెలల కిందట డెంగ్యూతో పోయాడు. ఆ మంగళవారం మధ్యాహ్నం ఆమె క్లయింట్ కాల్‌లో ఉంది. ఫోను సైలెంట్‌లో పెట్టి బ్యాగులో పడేసింది. మీటింగు అయ్యాక చూస్తే ఆస్పత్రి నుంచి అన్న చేసిన మిస్డ్ కాల్స్, నాలుగు. ఆమె ఆటో దిగేసరికి అన్న లేడు. ఊళ్లో చుట్టాలు "ఆఖర్న ఏటన్నాడమ్మా?" అని అడిగితే నిద్రలో పోయాడని అబద్ధం చెప్పింది. కొత్త ఫోను కొన్నా ఆ పాత నోకియా పారేయలేదు. ఆ నాలుగు కాల్స్ అందులోనే ఉన్నాయి.

పిల్లలకు ఆమెకో అన్న ఉండేవాడనే తెలీదు. వీళ్లు రాని రోజున ఆ ఫ్లాట్‌లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకో చప్పుడుండదు. ఆదివారం కూడా అలా అయిపోతే ఆమె ఏమైపోవాలి?

"ఆగండాగండి! మెట్ల మీద ఎవరో దీపం పట్టుకుని వస్తున్నారు," అంది గబగబా.

"ఎవరక్కా?" అంది లాస్య.

"సుబ్బులు తాత. బావులు తవ్వే మనిషి."

నోటికొచ్చిన పేరు చెప్పేసింది. చతికిలబడిన జట్టుకు దారి చూపించేవాణ్ని ఒకణ్ని కథలోకి తేవడం ఈ ఆటలో మామూలే. కాని తాత నోరు తెరిచేసరికి ఆమె గొంతులోంచి వరహాలు యాస ఊడిపడింది.

"ఒలే గుంటా, అటెల్తే సచ్చిపోతావు. నా యెనకాల రా."

పిల్లలు పడీ పడీ నవ్వారు. లోవలక్ష్మి మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. మళ్లీ వచ్చి కూర్చుని ఆట సాగించింది.

ఆ తర్వాత ఐదు ఆదివారాలు సుబ్బులు తాతదే రాజ్యం. పాము ఎక్కడుందో తాతకు తెలుసు, ఏ మెట్టు విరుగుతుందో తాతకు తెలుసు. ఆకలేస్తే తాత మూటలో చేగోడీలు కూడా ఉండేవి! అన్న ఎప్పుడో అన్న మాటలన్నీ ఒక్కొక్కటీ తాత నోట పెట్టింది. ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేది. ఆశ అలాంటిది మరి, ఎవరేమనగలరు?

ఆరో వారం ఆట మొదలుకాకముందే లాస్య బిస్కెట్టు తుంచుతూ నసిగింది. "అక్కా, ఏమనుకోవద్దు. తాతనే అన్నీ చేస్తుండు. మేం ఊకె చూస్తున్నం. సచ్చినా సరే, మేమే ఆడాలె గద?"

మధుసూదన్ తల వంచుకున్నాడు. అంటే ముగ్గురూ మాట్లాడుకునే వచ్చారు. లోవలక్ష్మికి కోపం వచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. పిల్లన్నది నిజం. వాళ్లకు సాయం అని తెచ్చి, తనకోసం ఉంచుకుంది.

"సరే. ఈ రోజు తాత మాట్లాడడు. మీరే ఆలోచించుకోండి," అంది.

బావి అడుగున నీటి తలుపు. దాని చక్రం ఎవరో ఒకరు పట్టుకుని ఉంటేనే నీళ్లు ఆగుతాయి. వదిలితే బావి అంతా నిండిపోతుంది. పక్కనే ఒక బండరాయి ఉంది, దాన్ని చక్రానికి అడ్డం పెడితే సరిపోతుంది. ఆ రాయి సంగతి తాత చేత చెప్పిద్దామని ముందే రాసి పెట్టుకుంది. ఇప్పుడు తాత మాట్లాడడు.

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. ఇన్ని వారాల్లో వాళ్లు అంత శ్రద్ధగా కూర్చోవడం ఆమె చూడలేదు.

"చక్రం తాతను పట్టుకోమందాం," అన్నాడు తిరుమల్. "మేం ముగ్గురం తాళంచెవి తీస్కొని, అటు దిక్కు మెట్ల మీదికెళ్లి పైకి పోతం."

"తాత?" అంది లోవలక్ష్మి.

"తాత రాలేడక్కా," అన్నాడు మధుసూదన్ మెల్లగా. "మాకు సుత బాధనే. గానీ ఇంకో దారి దొరుకుత లేదు."

రాయి మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చాలు, తాత బతుకుతాడు. పిల్లలు మళ్లీ ఊరికే చూస్తూ కూర్చుంటారు.

"పన్నెండు దాటాలి," అంది.

తిరుమల్ పాచిక వేశాడు. పళ్లెంలో గిరగిరా తిరిగి ఆగింది. పందొమ్మిది. ముగ్గురూ ఎగిరి గంతేశారు. తాళంచెవి దొరికింది, అటుపక్క మెట్లు ఎక్కేశారు. వాళ్ల మొదటి గెలుపు అది. లోవలక్ష్మి నవ్వడానికి ప్రయత్నించింది.

"తాత చేతులు జారుతున్నాయి," అంది. "నీళ్లు వస్తున్నాయి."

గోల ఆగిపోయింది. లాస్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తాత ఏమంటుండక్కా? పొయ్యేటప్పుడు మాకు ఏమన్న చెప్తడు గద?"

ఇన్నాళ్లూ తాత చెప్పిన ప్రతి మాటా వరహాలు అనగా లోవలక్ష్మి విన్నదే. ఈ ఒక్క మాట ఆమె దగ్గర లేదు. ఎంత వెతికినా లేదు.

"నాకు తెల్దు," అంది. ఆఫీసు తెలుగు ఎటు పోయిందో పోయింది. "నాలుగుసార్లు సేసినాడు. నాను ఫోనెత్తనేదు."

"ఫోనా? బావిల ఫోనెక్కడిదక్కా?" అని నవ్వబోయిన తిరుమల్ ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

లాస్య లేచి వచ్చి పక్కన కూర్చుంది. "ఎవరు చేసిండ్రక్కా?"

"మా అన్న," అంది లోవలక్ష్మి. పాత నోకియా తీసి పళ్లెం పక్కన పెట్టింది. "రెండూ పదికి ఒకసారి. రెండూ పన్నెండుకి ఇంకోసారి. రెండుంపావుకి..."

నాలుగోది చెప్పలేకపోయింది.