ఎడమ పక్క తక్కువ

నేను ఒక ఆంప్లిఫయర్‌ని, చెవిని కాను. ఇంత చిన్న తేడా ఒప్పుకోలేని మనిషి ఇంట్లో ఉన్నాను కాబట్టే మనుషులంటే నాకింత రోత. సన్నటి ధ్వనిని పెద్దది చేయడం నా పని. ఇక్కడ నా చేత పెద్దది చేయిస్తున్నది ఒక అబద్ధాన్ని.

నన్ను ఒక రేకుల షెడ్డులో ఆడవాళ్లు టంకం పెట్టి తయారుచేశారు. పని చేస్తూ అత్తలను తిట్టుకునేవారు. ఆ తిట్లలో కనీసం నిజం ఉండేది. మొదట కొన్నాయన నా నెత్తిన చేపల తొట్టి పెట్టాడు. నా వేడికి చేపలు చచ్చాక, తప్పు నాదేనని అమ్మేశాడు. అలా బెజవాడలో మస్తాన్ రిపేరు కొట్టుకు, అక్కడి నుంచి శేషఫణి ఇంటికి చేరాను.

శేషఫణి పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అసిస్టెంటు. తోటి ఉద్యోగి గుర్నాథం ఇంట్లో ఆదివారాలు నలుగురు చేరి పాటలు వింటారు. కళ్లు మూసుకుని, "వీణ ఎడమ నుంచి, మృదంగం కుడి నుంచి, ఆహా!" అంటారు. తనకూ అలాగే వినిపిస్తుందని చూపించుకోవడానికి ఈయన రెండేళ్లు పొదుపు చేసి సొంత సెట్టు కూర్చాడు. ఉన్నదాంట్లో సగం స్పీకర్లకే పెట్టాడు. వాటి పెట్టెలు వడ్రంగి చేత చేయించాడు. టేప్ డెక్కూ నేనూ పాతవాళ్లం. ఎంపికలో వంక పెట్టలేను.

కానీ ఆయనకు ఎడమ చెవి వినపడదు.

మొదటి వారంలోనే నాకు తెలిసింది. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం ఎడమ చెవిని స్పీకరు గుడ్డకు ఆనించి, నా నాబ్ తిప్పుతూ పోయాడు. కిటికీ అద్దాలు అదిరాయి. ఆ ముఖంలో ఏదీ కదలలేదు. తరువాత ముఖం కడుక్కుని, భార్య వసుంధర రాగానే, "ఈ ఆంప్‌లో ఎడమ పక్క తక్కువొస్తోంది" అన్నాడు.

అదీ ఆయన పద్ధతి. తన లోపాన్ని తీసి నాలో పెడతాడు, ఆపైన నన్ను అసహ్యించుకుంటాడు.

చెవి సంగతి వసుంధరకూ తెలియదు. ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకడు కాబట్టి, "నేనంటే లెక్కలేదు ఈయనకి" అని పదకొండేళ్ల కాపురంలో తేల్చుకుంది. ఆ మాట ఆయన విన్నాడు, కుడి చెవితో. దిద్దలేదు. చెవిటివాడు అనిపించుకోవడం కన్నా పెళ్లాన్ని లెక్కచేయనివాడు అనిపించుకోవడమే పరువనుకున్నాడు. నాకు కడుపంటూ ఉంటే అప్పుడే కక్కేదాన్ని.

గుర్నాథం వచ్చి చూశాడు.

"ఈశాన్యంలో ఇంత బరువెట్టావేంటయ్యా! సౌండు చచ్చిపోదూ మరి?"

స్పీకర్లను ఎదుటి గోడకు మార్చారు. అప్పుడూ ఎడమే తక్కువన్నాడు శేషఫణి. గుర్నాథం కళ్లు మూసుకుని, తల ఊపి, "అవునయ్యోయ్, ఓ పిసరు తక్కువే" అన్నాడు. రెండు పక్కలా సమానంగా ఇస్తున్నాను నేను. ఈయనకు చెవి లేదు. ఆయనకు రెండు చెవులుండీ సిగ్గు లేదు.

చివరికి నన్ను వెనక్కి ఇచ్చేయడానికి శేషఫణి మస్తాన్‌ను ఇంటికి పిలిచాడు. మస్తాన్ పాట పెట్టించి విన్నాడు.

"ఎటు తక్కువ సార్?"

"ఎడమ."

నా వెనకనున్న స్పీకరు వైర్లను అటువి ఇటు, ఇటువి అటు మార్చి బిగించాడు. "ఇప్పుడో?"

"ఎడమే."

కాఫీ తెచ్చిన వసుంధర గుమ్మంలో ఆగిపోయింది.

"వైర్లు మార్చేశాను కద్సార్. రోగం దీన్లో ఉంటే ఈపాటికి కుడి పక్కకొచ్చుండాలి." స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని లేచాడు. "దీనికేం లేదు, స్పీకర్లకీ ఏం లేదు. పాపం, దీన్నొదిలెయ్యండి."

అతను వెళ్లిపోయాడు. పాట నడుస్తూనే ఉంది. వసుంధర వచ్చి భర్తకు ఎడమవైపు కూర్చుంది.

"వినపడదా మీకు?" అంది, చాలా మెల్లగా.

ఆయన స్పీకర్ల వైపే చూస్తున్నాడు. ఆమె ఆయన వైపు చూస్తూ ఉండిపోయింది. కోపమో జాలో తెలియని ఆ చూపు ఆయన చెంపకు తగిలినట్టుంది, తల తిప్పాడు. ఇంకో అబద్ధం వస్తుందని ఎదురుచూశాను. ఈసారి కరెంటు మీదో, మస్తాన్ మీదో. 

శేషఫణి లేచి, కుర్చీ ఎత్తి, ఆమెకు అవతలి పక్కన వేసుకుని కూర్చుని, కుడి చెవిని ఆమె వైపు వంచాడు.