మైనస్ గుంత

ఏడో తరగతి పిల్లలు చుట్టూ నిలబడగానే జయరాముడు సార్ చెప్పులు గట్టున విడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మైనస్‌లోకి దిగాడు.

నల్లమాడ దగ్గరి ఆ బడి వెనక రుణసంఖ్యలు చెప్పడానికి ఆయన స్వయంగా తవ్వుకున్న గుంత అది. నడుమ పాతిన వెదురు గడకు నేలమట్టాన సున్నా, పైన ప్లస్సులు, కింద మైనస్సులు. అందులో మేకపిల్ల పడ్డనాడు హెడ్‌మిస్ట్రెస్ కృపాకుమారి పూడ్చమంది. "పూడిస్తే నా లెక్కలు సున్నా కాడే ఆగిపోతాయి మేడమ్" అని బతిమాలుకున్నాడు. సన్నటి కాళ్లు, ముందుకొచ్చిన పొట్ట, చెవి వెంట్రుకల మీద కూడా సుద్దపొడి. ఆ మనిషి బతిమాలితే ఎవరికైనా నవ్వొస్తుంది.

"మైనస్ మూడొందలు పెద్దదా, మైనస్ తొమ్మిదొందలు పెద్దదా?"

"తొమ్మిదొందలు సార్!" గుంత దద్దరిల్లింది.

ఏటా ఇదే గోల. ఇక్కడి పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెవిన పడేది బోరు లోతే. మా నాయన తొమ్మిదొందల అడుగులు దింపినాడని ఒకడంటే, మూడొందల వాడు తల దించుకోవాల్సిందే. పైగా బోరు ఉదాహరణ మొదట తెచ్చింది సారే. కొరివితో తల గోక్కున్నాడు. సాయంత్రానికి రిటైరవుతున్నాడు. ఒక్క తరగతి నోటైనా సరైన జవాబు వినకుండా వెళ్లడం ఆయనకు చచ్చేంత బాధగా ఉంది.

"సార్, దండ వాడిపోతాండాది, రాండి!" వరండాలోంచి కృపాకుమారి కేకేసింది.

"యాడొచ్చేది మేడమ్, ఇంకా మైనస్ మూడులోనే ఉండా!"

అప్పుడు తబస్సుమ్ చెయ్యెత్తింది. "సార్, ఆ బోర్లలో నీళ్లు యాడుండాయి?"

"నీళ్లెందుకమ్మా ఇప్పుడు?"

"మా అబ్బా మోటార్లు రిపేరీ చేస్తాడు సార్. తొమ్మిదొందల్లో నీళ్లుంటే రైతులు ఏడుస్తారంట, మూడొందల్లో ఉంటే పండగంట. నీళ్లు పైకొచ్చేకొద్దీ మేలు కదా? అట్లయితే మైనస్ మూడొందలే పెద్దది."

జయరాముడు గడ మీది మైనస్సులను కింది నుంచి పైకి వేలితో తడిమాడు. ఇన్నేళ్లూ పిల్లలకు బోరు చూపించాడు గానీ నీళ్ల మాటే ఎత్తలేదు.

"ఇంగోసారి చెప్పు తల్లీ. అందరూ చెప్పండప్పా!"

"మైనస్ మూడొందలే పెద్దది!"

ఆయనకు కళ్లనీళ్లు తిరిగాయి. పిల్లలు తోసుకుంటూ చేతులు పట్టి పైకి లాగారు. బురదకాళ్లతోనే దండ వేయించుకున్నాడు, శాలువా కప్పించుకున్నాడు, ముదిగుబ్బ బస్సెక్కాడు. కాళ్లకు చెప్పులు లేవని సగం దారిలో గానీ తెలియలేదు.

మర్నాడు గుంత పూడ్చడానికి బడి అటెండరు రంగన్న పార తెచ్చాడు. కృపాకుమారి లోపలికి తొంగి చూసి, అతణ్ని ఆపింది.

"చెప్పుల కోసమన్నా సార్ రాకపోతాడా. అంతవరకూ ఉండనీలే రంగన్నా."

సున్నా మట్టాన గట్టు మీద ఒకటి, పిల్లల తోపులాటలో జారి మైనస్ మూడు దగ్గర ఒకటి, మడమల కాడ అరిగిపోయిన చెప్పులు.