మూడో మెషీన్

"ముందు నీ చేతికి కట్టి చూడు, సరిగ్గా పనిచేస్తోందో లేదో," అంటారు మా ఆయన రోజూ పొద్దున్నే, పేపరులోంచి తల ఎత్తకుండా. ఆరేళ్ళ కిందట గుండె రక్తనాళంలో స్టెంటు వేసినప్పటి నుంచి ఆయన బీపీయే మా ఇంటికి పెద్దదిక్కు. దాన్ని అడక్కుండా టీవీ సౌండు కూడా పెంచం. ఆయనకు ఉప్పు లేని కూర, అత్తగారికి ఉప్పు సరిపోయిన కూర. నాకు ఏ గిన్నెలో అడుగు మిగిలితే అది. నేను నోరు విప్పబోతే చాలు, "నా బీపీ పెంచకు" అంటారు. మాటల్ని మింగడం నాకు మందుబిళ్ళ మింగినంత అలవాటైపోయింది.

దేన్నైనా ముందు నామీద పరీక్షించడం ఆయన పద్ధతి. స్నానం నీళ్ళ వేడి, కొత్త కుర్చీ బలం, అన్నీ. అలాగే బీపీ మెషీనూ. మొదటిసారి నా చేతికి కడితే నూట డెబ్బై ఆరు చూపించింది. ఆయనకు కడితే నూట ముప్పై. "మనిషి మనిషికీ ఇంత తేడానా? దీనికి నిలకడ లేదు, పాడైంది," అన్నారు. "దానికి బీపీ ఏంట్రా, రాయిలాంటి మనిషి! అది బాధ్యతలు మోసేవాళ్ళకొచ్చే జబ్బు," అన్నారు అత్తగారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే మండుతోంది. పనికి వెళ్తూ మెషీన్‌ని సంచిలో వేసుకెళ్ళి, షాపువాడితో గొడవపడి మార్చుకొచ్చాను. రెండోదీ అంతే. మళ్ళీ నేనే మోశాను. మూడోది కూడా నూట ఎనభై అన్నప్పుడు ఇక తిరిగే ఓపిక లేక, అంకె చెరిపేసి "బాగానే ఉందండీ" అన్నాను. ఆ ఒక్కమాటతోనే నాలుగేళ్ళు లాక్కొచ్చాను.

నిన్న మేం యూనిఫాంలు కుట్టే షెడ్డులో గుండీలు కుడుతుంటే ఎడమ కంటికి ఎవరో తెర దించినట్టు చీకటైంది. "ఏమ్మా, కునుకా? జేబుకి గుండీ కుట్టావు చూడు," అన్నాడు సూపర్‌వైజరు. పది నిమిషాలకు చూపు తిరిగొచ్చింది. పక్క మిషను ఆవిడ ఊరుకోలేదు, చెయ్యి పట్టి ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ నా మెడమీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. స్కానింగ్ చూశాక అడిగింది, "బీపీ ఎన్నేళ్ళ నుంచి?"

"నాకు లేదండీ. మా ఆయనకి."

ఆవిడ స్కానింగ్ ఫిల్ము నావైపు తిప్పింది. "మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళం ముప్పావు వంతు పూడిపోయిందమ్మా. ఏళ్ళ తరబడి బీపీ ఎక్కువుంటే నాళం గోడలు దెబ్బతిని కొవ్వు పేరుకుంటుంది. కంటికి వచ్చింది హెచ్చరిక. రేపు చెయ్యీ కాలూ పడిపోవచ్చు. ఇప్పుడే చేరండి."

ఇంట్లో చెప్పి వస్తానన్నాను. ఆవిడకు కోపమొచ్చింది. మందులిచ్చి, పొద్దున్న ఎనిమిదికల్లా రాకపోతే తానే ఫోన్ చేస్తానంది.

ఇంటికొచ్చి చెప్పాను. "ఎల్లుండి నా చెకప్ పెట్టుకుని ఇప్పుడివన్నీ చెప్పి నా బీపీ పెంచకు. అదయ్యాక చూద్దాం," అన్నారు మా ఆయన. నాకు ఏడుపు రాలేదు. భయమేసింది, అంతే. చచ్చిపోతానని కాదు. ఒక పక్క పడిపోయి ఈ ఇంట్లోనే మంచంలో ఉండాల్సి వస్తుందేమోనని.

ఈ పొద్దున్న ఆయన చెయ్యి చాపారు. నేను నా చేతికి కట్టుకున్నాను. మందు వేసుకున్నా నూట అరవై ఎనిమిది. ఈసారి చెరపకుండా ఆయన ముందుకు తిప్పి చూపించాను.

"ఇదీ పాడైందా?" అన్నారు.

మెషీన్ విప్పి సంచిలో పెట్టుకున్నాను. చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు వంటింట్లోంచి అడిగారు, "మళ్ళీ మార్చుకు రావడానికేనా?"

"కాదత్తయ్యా. మూడు మెషీన్లూ నిజమే చెప్పాయి," అని గడప దాటాను.