సుగుణ ఎత్తిన బరువు

మహాలక్ష్మమ్మగారు కోడలి చేతుల్లోంచి జారిపడి అప్పటికి ఏడాది దాటింది. పక్షవాతంతో ఎడమవైపు చచ్చుబడ్డ ఆవిడని స్నానాల గదిలో కుర్చీలోంచి లేపబోతుంటే సుగుణ నడుము కలుక్కుమంది. పట్టు వదిలేసింది. ఇద్దరూ తడిగచ్చు మీద పడ్డారు. పెద్దావిడ తుంటి ఎముక విరిగి మూడు నెలలు మంచానికే పరిమితమైంది. ఆ తర్వాత కోడలు దగ్గరికొస్తే చాలు, మంచం పట్టె గట్టిగా పట్టుకునేది.

"నువ్వొద్దు. వాణ్ణి రానీ," అనేది.

వాడంటే కొడుకు నాగభూషణరావు. పొలం నుంచి ఆయన ఎప్పుడొస్తే అప్పుడే ఆవిడ లేవడం. ఒక్కోసారి ఈలోగానే పక్క తడిసిపోయేది. ఆ దుప్పట్లు ఉతుకుతూ సుగుణ ఏడ్చేది. కోపంతోనో సిగ్గుతోనో ఆమెకే తెలిసేది కాదు.

నడుం నొప్పికని మచిలీపట్నం వెళ్తే, అక్కడ ఫిజియోథెరపీ చేసే భార్గవి ఆమెను వంచి, కూర్చోబెట్టి, లేపి చూసింది.

"నలభై తొమ్మిదేళ్ళకే ఇలా అయితే ఎలాగండీ? మీరు నడుంతో లాగుతున్నారు. లేపాల్సింది కాళ్ళతో. తొడల్లో, వీపులో బలం పెంచుకోవాలి."

"రోజంతా పనే కదమ్మా. అది చాలదూ?"

"పనితో అలుపొస్తుందండీ. బలం రావాలంటే బరువు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. మధ్యలో ఒంటికి విశ్రాంతీ ఇవ్వాలి."

మొదట్లో చేతులు ఆనించకుండా పీట మీంచి లేవడం. తర్వాత అయిదు కిలోల ఇసుక మూట. వారానికి మూడు రోజులు. మొదటి నెలంతా అరుగు దిగుతుంటే తొడలు వణికేవి. నాలుగో నెలలో ఒకరోజు నిండు గ్యాసు బండని వాకిట్లోంచి వంటింట్లోకి తనే మోసుకెళ్ళి పెట్టాక గానీ, నడుం నొప్పి మాట మరిచిపోయి ఎన్నాళ్ళయిందో ఆమెకు తట్టలేదు. పదకొండో నెలకి మూట ముప్ఫై కిలోలైంది.

"సర్కస్‌లో చేరతావా ఏం?" అనేది అత్తగారు మంచం మీంచి.

అయినా లేపమని ఆవిడ అడగలేదు, లేపుతానని సుగుణా అనలేదు. ఇసుక మూట జారిపడితే దానికి విరగడానికి ఎముకల్లేవు.

ఆగస్టు చివర్లో బ్యారేజీ నుంచి వరద నీళ్ళు వదిలారు. వాళ్ళుండేది అవనిగడ్డకి దిగువన, కృష్ణ మధ్య లంకలో. తెల్లారగానే నాగభూషణరావు గేదెల్ని కరకట్ట మీదికి తోలుకెళ్ళాడు. పది గంటలకల్లా వచ్చి అమ్మని తీసుకెళ్తానన్నాడు. తొమ్మిదికి ఫోను చేశాడు.

"లంకలోకొచ్చే చప్టా మునిగిపోయింది. నన్ను దాటనివ్వట్లేదు. గంగన్న బాబాయి పడవేసుకొస్తున్నాడు, అమ్మని..."

ఫోను తెగిపోయింది.

నీళ్ళు అరుగు దాటి గడపలోకొచ్చాయి. చూస్తుండగానే మంచం కోళ్ళు మునిగాయి. అంతలో సందు చివర నుంచి గంగన్న కేక వినిపించింది.

"అమ్మాయ్! ఇంతకన్నా లోపలికి రాలేను, కంచె తీగలున్నాయి! పడవొదిలితే కొట్టుకుపోద్ది! పెద్దావిణ్ణి ఇక్కడికి తీసుకొచ్చెయ్!"

పడవలో అప్పటికే ఒక బాలింత, ఇద్దరు ముసలివాళ్ళు ఉన్నారు. దిగి సాయం చేయగలవాళ్ళు ఎవరూ లేరు.

సుగుణ అత్తగారిని మంచం అంచుకి జరిపింది. తను వీపు తిప్పి ఆవిడ ముందు మంచం పట్టె మీద కూర్చుని, ఆవిడ కుడిచెయ్యి తన మెడ చుట్టూ వేయించుకుంది. పాత చీర మెలిపెట్టి ఇద్దరినీ కలిపి కట్టబోయింది.

"వద్దే! వాడొస్తాడు."

"రాలేరు అత్తయ్యా."

"కట్టెయ్యకు. పడితే ఇద్దరం పోతాం."

"పోతే ఇద్దరం పోదాం. ఈసారి మాత్రం వదలను."

సుగుణ కడుపు దగ్గర ముడి బిగించింది. మెడ చుట్టూ ఉన్న పెద్దావిడ చెయ్యి బిగుసుకుంది.

ఆసుపత్రిలో తూచినప్పుడు ఆవిడ నలభై ఆరు కిలోలు. సుగుణ ఎత్తింది ముప్ఫై. పైగా మనిషి మూటలా ఒకచోట ఉండదు, ఒక పక్కకి వేలాడుతుంది. మొదటిసారి లేవబోయి మళ్ళీ మంచం మీద కూలబడింది. నడుంలో పాత చోట చురుక్కుమన్నట్టయింది. పాదాలు ఎడంగా పెట్టి, మడమలు నీళ్ళ కింది గచ్చుకి అదిమి, గట్టిగా ఊపిరి పీల్చుకుని రెండోసారి లేచింది. తొడలు మండాయి. నడుం నిలబడింది.

వాకిట్లో నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. పడవ నలభై అడుగుల దూరం. ప్రవాహం పక్కనుంచి నెడుతోంది. కాలితో తడిమి, నేల దొరికాకే బరువు మోపుతూ నడిచింది. సగం దూరం పోయాక ఎడమకాలు మురిక్కాలవలోకి దిగబడింది. మోకాలి మీద కూలింది. నీళ్ళు గడ్డాన్ని తాకాయి.

"సుగుణా!" చెవి పక్కనే అత్తగారి గొంతు.

చీర ముడి విప్పుకుంటే తను తేలిగ్గా లేవగలదు. చెయ్యి ముడి దగ్గరికి పోలేదు. కుడిపాదం ముందుకి వేసి నేలలో నాటింది. ఒంటికాలి మీద లేవడం భార్గవి నేర్పినవాటిలో ఆమెకు బొత్తిగా నచ్చనిది, ప్రతిసారీ తిట్టుకుంటూ చేసింది. ఇప్పుడు తిట్టుకునేంత ఊపిరి కూడా లేదు. కాలు వణికింది, ఆగింది, మళ్ళీ కదిలింది. నీళ్ళు గడ్డం నుంచి రొమ్ముకి, రొమ్ము నుంచి నడుముకి దిగాయి.

గంగన్న వంగి పెద్దావిణ్ణి చంకల కింద అందుకున్నాడు. ముడి విప్పుదామంటే సుగుణ వేళ్ళు తెరుచుకోలేదు. బాలింతే విప్పింది.

మధ్యాహ్నానికి అవనిగడ్డలో బడిలో పెట్టిన పునరావాస కేంద్రానికి చేరారు. తర్వాత వచ్చిన నాగభూషణరావు, తల్లి బాత్రూముకి వెళ్ళాలంటే లేపడానికి వంగాడు.

"నువ్వుండరా. చంకలో నొప్పెట్టేస్తావు. సుగుణని పిలువు," అంది ఆవిడ.

సుగుణ వచ్చి ఎదురుగా మోకాళ్ళు వంచి కూర్చుంది.

"ఈసారి ఊరికే మోయనండీ. మీ కుడికాలికి బలముంది. దాన్ని కింద ఆనించి నాతోపాటు మీరూ లేవాలి."

"ఈ వయసులోనా?"

"ఈ వయసులోనే."

పెద్దావిడ కాలు ఆనించింది. సగం సుగుణ బలంతో, సగం తన బలంతో లేచి నిలబడింది. గుమ్మం బయట బాత్రూము వరసలో ఇంకా నలుగురున్నారు.

"అంతసేపు నిలబడగలరా అత్తయ్యా?"

"చూద్దాం పద," అందావిడ.